మడతక్క చేతులు

సగం అన్నం మేడం ఆ మాట చాలా మర్యాదగానే అంది. చిక్కంతా అక్కడే వచ్చింది. తిట్టి ఉంటే ఏ వెనకగదిలోకో వెళ్లి కాసేపు ఏడ్చి రావచ్చు. నవ్వుతూ అన్న మాటకి ఏం చెయ్యాలో ఎవరికి తెలుసు గనక?

"ఏమీ అనుకోకండి. నాది మాత్రం ఆ అమ్మాయి చేత చుట్టించండి," అంది గాజు అద్దానికి అటువైపు నుంచి, అన్నం దగ్గర నిలబడ్డ పిల్లని చూపిస్తూ.

మడతక్క చేతులు రొట్టె అంచు మీదే ఆగిపోయాయి.

అది మెక్సికో తిండి అమ్మే హోటలు. కూర్చుంటే వచ్చి ఏం కావాలని అడిగేవాళ్లు అక్కడ ఉండరు. పొడుగాటి కౌంటరు, దాని మీద వంచిన గాజు, గాజు కింద వరసగా స్టీలు గిన్నెలు. తినడానికొచ్చినవాళ్లు ట్రే పట్టుకుని ఆ గాజు వెంబడి నడుస్తూ, ఇది వెయ్యండి, అది వద్దు, ఇంకొంచెం, చాలు చాలు, అంటూ తమ భోజనం తామే కూర్చుకోవాలి. మొదట అన్నం, తర్వాత చిక్కుళ్లు, తర్వాత పెనం మీంచి తీసిన మాంసమో కూరగాయలో, ఆ పైన టమాటా పచ్చడిలాంటి సాల్సా, పుల్లటి క్రీము, చీజు. గిన్నెలో పెట్టించుకుంటే ఒక పద్ధతి. టోర్టియా అనే పల్చటి మైదా రొట్టెలో పెట్టి చుట్టించుకుంటే దాన్ని బరిటో అంటారు. ఆ చుట్టేచోట నాలుగేళ్లుగా నిలబడింది కాబట్టే ఆమె మడతక్క అయింది. అసలు పేరు గోడ మీది డ్యూటీ చార్టులో తప్ప ఎక్కడా వినపడదు.

పేర్లు పెట్టడంలో కౌంటరు వెనకవాళ్లు తక్కువ తిన్నారా ఏమిటి! వచ్చేవాళ్ల పేర్లు వీళ్లకి తెలియవు, తినేవి తెలుసు. అందుకని చీజువద్దు సారు, డబల్ కారం తమ్ముడు, చిక్కుళ్ల మామ్మ. ఈవిడ రోజూ ఒంటిగంటకి వచ్చి "అన్నం సగమే" అంటుంది కాబట్టి సగం అన్నం మేడం. ఎదురు భవనంలో ఏదో ఆఫీసు. సగం అన్నం, నల్ల చిక్కుళ్లు, వేయించిన కాప్సికం, తక్కువ కారం సాల్సా. మడతక్కకి అది నిద్రలో లేపి అడిగినా వచ్చు.

ఇప్పుడు ఆవిడ కళ్లు మడతక్క చేతుల మీద ఉన్నాయి. చేతులకి గ్లవ్స్ ఉన్నాయి, కానీ అవి పారదర్శకం. ఈ మధ్యే వేళ్ల కొసల నుంచి మణికట్టు దాకా పాకిన తెల్ల మచ్చలు ఆ పల్చటి ప్లాస్టిక్ లోంచి ఇంకా తెల్లగా కనిపిస్తాయి. బొల్లి. అంటుకునేది కాదని చర్మం డాక్టరు చెప్పాడు. డాక్టరు చెప్పింది మడతక్కకి. గాజుకి అటువైపున్న వాళ్లందరికీ ఎవరు చెప్తారు?

మడతక్క పక్కకి తప్పుకుంది. అన్నం పిల్ల గబగబా గ్లవ్స్ మార్చుకుని వచ్చి చుట్టింది. చుట్టడమంటే దుప్పటి మడతపెట్టడం కాదు. ఆవిరి పట్టిన రొట్టె చల్లారేలోపు, రెండు పక్కలా చిటికెనవేళ్లతో లోపలికి నొక్కి, బొటనవేళ్లతో కింది అంచు లేపి, లోపలి సరుకుని వెనక్కి లాగి బిగించి, ఒక్క దొర్లు దొర్లించాలి. పిల్లకి భయం, పైగా కంగారు. మధ్యలో రొట్టె చిట్లి నల్ల చిక్కుళ్లు బయటకి తొంగిచూశాయి.

"అయ్యో, ఇంకోటి చేస్తాను మేడం."

"పర్లేదమ్మా," అంది ఆవిడ. "చినిగినా పర్లేదు."

ఆ రెండో మాటకి మడతక్క ప్రాణం చివుక్కుమంది. నాలుగేళ్లలో ఆమె చేతిలో ఒక్క రొట్టె చినగలేదు. గాజు కింద ఉన్నవన్నీ వేయించుకుని, పెళ్లి సామానంతా చేతిసంచిలో కుక్కమన్నట్టు నిలబడే తిండిపోతులుంటారు. అలాంటిది కూడా ఆమె చుట్టి పక్కన పెడితే, చూస్తున్నవాళ్లలో ఎవరో ఒకరు "అబ్బ" అనేవారు. ఆ అబ్బ కోసమే పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చేది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు, అంటే నవ్వుతారని.

మర్నాడు మడతక్క ఒకదాని మీద ఒకటి రెండు జతల గ్లవ్స్ వేసుకుంది. మచ్చలు కనపడటం తగ్గలేదు గానీ వేళ్లు మొద్దుబారాయి. చూసి చూసి పెనం బాబాయి లోపలికెళ్లి ఒక అట్టపెట్టె తెచ్చాడు. మాంసం కాల్చే పెనం దగ్గర ఇరవై ఏళ్లు నిలబడి కనుబొమలు సగం పోగొట్టుకున్న మనిషి ఆయన.

"ఇవి వేసుకోవే అమ్మాయ్. నల్లవి. మా అల్లుడు మెకానిక్కు, వాళ్ల షెడ్డులో వాడతారు. కొత్త పెట్టే, నేనే విప్పాను."

నల్ల గ్లవ్స్ లో ఆమె చేతులు ఎవరి చేతుల్లానో అయిపోయాయి. గంటన్నర పాటు హాయిగా గడిచింది. డబల్ కారం తమ్ముడు "స్టైల్ మార్చారే!" అన్నాడు కూడా. అంతలో మేనేజరు వచ్చాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి, ఎప్పుడూ గొంతు పెంచడు, ఎవరినీ నువ్వు అనడు. చెడ్డవాడు కాదు. చెడ్డ పని చెయ్యాల్సొచ్చినప్పుడు మరీ మెత్తగా మాట్లాడతాడు, అంతే.

"అక్కా, ఒక్కసారి ఇలా వస్తారా?"

చల్లగదికి పక్కన, ఉల్లిపాయల బస్తాల ముందు నిలబెట్టి చెప్పాడు. గ్లవ్స్ పారదర్శకంగానే ఉండాలని పైవాళ్ల రూలట. చేతులు శుభ్రంగా ఉన్నట్టు కొనేవాళ్లకి కనపడాలట. "అందరూ పారదర్శకమైనవి వేసుకుని మీరొక్కరే నల్లవి వేసుకుంటే, ఏదో దాస్తున్నట్టు ఉంటుంది కదక్కా."

"దాస్తున్నానుగా మరి. దాచమనే కదా మీ బాధ?"

మేనేజరు నీళ్లు నమిలాడు. "నిన్న ఒకావిడ అభిప్రాయాల ఫారం నింపింది. శుభ్రత అన్న చోట రెండు పెట్టింది, అయిదుకి. నాకు తెలుసు, మీకు తెలుసు, అది రోగం కాదని. కానీ ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ కూచోలేం కదా. కొన్నాళ్లు వెనక ఉండండి. నీడపట్టున పని."

ముందు కౌంటరు దగ్గర మాత్రం ఎండ కాస్తోందా? అడగాలనుకుంది. నల్ల గ్లవ్స్ విప్పి ఉల్లిపాయల బస్తా మీద పడేసింది.

బుధవారం నుంచి ఆమె వెనకగది మనిషి అయింది. కిటికీ లేని గది. పగిలిన తెల్ల పలకల గోడ, మధ్యలో స్టీలు బల్ల, కిందికి వేలాడే ట్యూబులైటు. ముందు గదికీ దీనికీ మధ్య గిన్నెలు అందించడానికి చతురస్రంగా ఒక కంత. పొద్దున పది కిలోల ఉల్లిపాయలు తరగాలి. తర్వాత టమాటాలు, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర. ఆఖర్న నలభై అవకాడో పళ్లు. నిలువునా చుట్టూ కత్తి తిప్పి, రెండు చిప్పల్నీ ఎదురుబొదురుగా మెలితిప్పి, గింజ మీద కత్తి పిడి దగ్గరి అంచుతో ఒక్కటిచ్చి లాగెయ్యాలి. గుజ్జు గీరి, గుత్తితో మెదిపి, నిమ్మరసం, ఉప్పు, ఉల్లి, మిర్చి కలిపితే గ్వాకమోలీ. ఆ హోటల్లో అన్నిటికన్నా ఎక్కువ అడిగేది దాన్నే.

తరుగుతూ తరుగుతూ ఆమెకి ఒక సంగతి తట్టి, కత్తి ఆగిపోయింది. ముందు ఉన్నప్పుడు తను ముట్టుకున్నది రొట్టె పైభాగం మాత్రమే. ఇక్కడ ప్రతి ఉల్లిముక్కా, ప్రతి కొత్తిమీర ఆకూ తన చేతుల్లోంచే వెళ్తోంది. మచ్చలున్న చేతులు తిండికి తగలకూడదని కాదన్నమాట ఎవరి బాధా. తగులుతున్నట్టు తెలియకూడదు, అంతే! ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే మిగిలిన ఉల్లిపాయలన్నీ తరిగేసింది. కళ్లనీళ్లు కారినా ఎవరూ ఎందుకని అడగని పని అదొక్కటే.

గ్వాకమోలీకి గోడ మీద అంటించిన కొలత ఉంది. మడతక్క కొలత మార్చలేదు, వరస మార్చింది. అన్నీ ఒకేసారి పడెయ్యకుండా, ఉల్లీ మిర్చీ ముందు నిమ్మరసంలో ఉప్పేసి పది నిమిషాలు నానబెట్టింది. ఉల్లి ఘాటు చచ్చి పులుపు పట్టాక అప్పుడు గుజ్జులో కలిపింది. ఎవరూ చెప్పమనలేదు, ఎవరికీ చెప్పలేదు.

గురువారం ఒంటిగంట దాటాక, కడిగిన గిన్నె కంతలో పెడుతుంటే, అవతలి నుంచి తెలిసిన గొంతు వినపడింది.

"ఏం వేశారమ్మా ఇందులో? నిన్న రుచి చూసి ఇవాళ రెండు గరిటెలు వేయించుకుంటున్నాను. చేసినవాళ్లకి చెప్పండి, అద్భుతంగా ఉందని."

"చెప్తాను మేడం," అంది అన్నం పిల్ల గొంతు. కాసేపటికి పిల్ల మొహం కంతలో ప్రత్యక్షమైంది. కళ్లు పెద్దవి చేసి, "అక్కా, విన్నావా? ఎవరో తెలుసా?" అంది.

"విన్నాన్లే. క్యూలో జనం ఉన్నారు, పో."

పిల్ల వెళ్లలేదు. "నాకు మండుతోందక్కా. నీ చోట నిలబడటం నాకేం సరదానా? రోజుకి ఆరు రొట్టెలు చింపుతున్నాను."

"వేళ్లు తడుపుకోకు. రొట్టె తడికి చిట్లుతుంది. చిటికెనవేలు ముందు, బొటనవేలు తర్వాత."

ఆ పొగడ్త ఆమెకి సంతోషం కాదు, అలాగని దుఃఖం కూడా కాదు. మింగుడుపడని ముద్ద.

శుక్రవారం సాయంత్రం మేనేజరు కాగితం ఇచ్చాడు. అచ్చువేసినది. "ఆరోగ్య కారణాల వల్ల, నా స్వంత కోరిక మీద, నన్ను శాశ్వతంగా వెనకగది పనికి మార్చవలసిందిగా..." కింద తేదీ, సంతకం, పక్కన కారణాలు వివరంగా రాసుకోవడానికి మూడు ఖాళీ గీతలు.

"నా కోరికా?" అంది మడతక్క.

"అలా రాస్తేనే పైవాళ్లు ఒప్పుకుంటారక్కా. లేకపోతే వెనక ఖాళీ లేదంటారు. అప్పుడు నేనేం చెయ్యలేను." అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. "రేపు మీకు సెలవు కదా, ఆలోచించి ఆదివారం ఇవ్వండి."

ఇంట్లో భర్త ఆ కాగితాన్ని దీపం కింద పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ఆయన లారీ డిపోలో లెక్క రాసుకునే మనిషి, కాగితమంటే గౌరవం.

"పెట్టెయ్ సంతకం. పని పోలేదుగా, అదే పదివేలు. వెనకైతే అందరూ చూసే బాధ కూడా ఉండదు."

"బాధ ఎవరికండీ?"

ఆయన తలెత్తి చూశాడు. ఆమె చెయ్యి బల్ల మీద ఉంది. ఆయన దాని మీద తన చెయ్యి వేశాడు, వేసి, మళ్లీ కాగితం వైపే చూశాడు.

"వెళ్తే వెళ్తాను," అంది ఆమె. "బతకాలి కాబట్టి వెళ్తాను. కోరుకున్నానని మాత్రం ఎందుకు రాయాలి?"

ఆయన కాగితం మడిచి ఆమె సంచిలో పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం మడతక్క ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పైన పొడుగు చేతుల స్వెటరు వేసుకుని, రెండు బస్సులు మారి హోటలుకి వచ్చింది. వెనక తలుపు నుంచి కాదు, అద్దాల తలుపు తోసుకుని. నాలుగేళ్లలో అటు నుంచి రావడం అదే మొదటిసారి. ఎందుకొచ్చావని అడిగితే చెప్పగలిగేది కాదు. ఇన్నాళ్లూ ఆ తిండి బోర్లించిన డబ్బా మీద కూర్చుని, మిగిలినదేదో గబగబా తింది. ఒక్కసారి అడిగి వేయించుకుని, కుర్చీలో కూర్చుని తినాలనిపించింది. కాగితం సంచిలోనే ఉంది.

క్యూ తలుపు దాకా ఉంది. చేతులు స్వెటరు జేబుల్లో పెట్టుకుని నిలబడింది. అటువైపు నుంచి చూస్తే గాజు ఇంత మెరుస్తుందని ఆమెకి తెలియదు.

"మొదటిసారా ఇక్కడ?"

వెనక నుంచి. తిరిగి చూసింది. సగం అన్నం మేడం.

మడతక్క చేతులు జేబుల్లో ఇంకా లోపలికి దూర్చింది. ఆవిడ మాత్రం పలకరింపుగా నవ్వుతోంది. ఆ నవ్వులో గుర్తుపట్టిన జాడే లేదు. నాలుగేళ్లు, వారానికి అయిదు రోజులు, మూరెడు దూరంలో నిలబడి తిండి చుట్టి ఇచ్చిన మనిషి మొహం ఆవిడకి తెలియదు. ఎప్పుడు చూసింది గనక? చూసిందల్లా చేతులే.

"అవునండీ," అంది మడతక్క. అబద్ధం కాదది. ఇటువైపు నుంచి మొదటిసారే.

"అయితే గ్వాకమోలీ తప్పకుండా వేయించుకోండి. ఈ మధ్యనే బాగా చేస్తున్నారు. బరిటో మాత్రం వద్దు, గిన్నె తీసుకోండి. చుట్టడం పాడయింది వీళ్లకి. మునుపు ఎంత బాగా చుట్టేవారో!"

"అలాగా అండీ?"

"ఏమయిందో మరి. ఒక్కటీ చినిగేది కాదు."

మడతక్క గాజు వైపు తిరిగిపోయింది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తేల్చుకోవడానికి ఆమెకి కాస్త వ్యవధి కావాల్సొచ్చింది.

అన్నం గరిట పట్టుకున్న కొత్త కుర్రది ఆమెని ఎరగదు. కావలసినవన్నీ ఆమె గడ్డంతోనే చూపించింది. ఇది. అది. ఇంకొంచెం. పెనం దగ్గర బాబాయి తలెత్తి, ఆమెని చూసి, గరిట చేతిలోకి తీసుకున్నాడు. మంచి ముక్కలు ఏరి రెండు గరిటెలు వేశాడు. చివర్న చుట్టేచోట అన్నం పిల్ల.

"అక్..." అని ఆగింది.

"బరిటోనే చెయ్యమ్మా," అంది మడతక్క. "తొందరేం లేదు."

పిల్ల వేళ్లు పొడిగా తుడుచుకుంది. చిటికెనవేళ్లు ముందు, బొటనవేళ్లు తర్వాత. ఒక్క దొర్లు. చినగలేదు. ఇద్దరూ దాన్నే చూశారు. పిల్ల తనే ట్రే పట్టుకొచ్చి గోడవార బల్ల మీద పెట్టి వెళ్లింది.

మిగతా బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. మడతక్క ఇంకా తినడం మొదలుపెట్టకముందే సగం అన్నం మేడం గిన్నెతో వచ్చి, "ఇక్కడ కూర్చోవచ్చా?" అంది.

"కూర్చోండి."

ఆవిడ చెంచాతో గ్వాకమోలీ తీసి నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని తలూపింది. "చెప్పానా! మీరూ తినండి, చల్లారిపోతుంది."

మడతక్క జేబుల్లోంచి చేతులు తీసింది. గ్లవ్స్ లేని చేతులు, ట్యూబులైటు కింద కాదు, పట్టపగటి వెలుగులో. రేకు కాగితం విప్పి, రెండు చేతులతో బరిటో పట్టుకుని ఒక పెద్ద ముద్ద కొరికింది.

ఆవిడ చెంచా గిన్నెకీ నోటికీ మధ్య ఆగింది. చేతుల నుంచి కళ్లు మెల్లిగా పైకి వచ్చాయి. మొహం దగ్గర నిలబడ్డాయి. నాలుగేళ్లలో మొదటిసారి.

"మీరు... ఇక్కడ..."

"మీకు సగం అన్నం, నల్ల చిక్కుళ్లు, కాప్సికం, తక్కువ కారం," అంది మడతక్క నములుతూ. "ఆ గ్వాకమోలీ చేసింది నేనే. బుధవారం నుంచి రోజూ నేనే చేస్తున్నాను. ఈ చేతులతోటే. చేసినవాళ్లకి చెప్పమన్నారట, నాకు చేరింది."

ఆవిడ మొహంలో రంగులు మారాయి. "నేను మిమ్మల్ని ఏమీ అనలేదండీ. కౌంటరు నుంచి తీసెయ్యమని అసలు అనలేదు. శుభ్రత అన్న చోట... నాకు తెలియదు అది..."

"అంటుకోదండి. అడిగితే చెప్పేదాన్ని."

ఆవిడ చెంచా కింద పెట్టింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, అది నిజం. కానీ చెంచా మళ్లీ తియ్యలేదు, అదీ నిజమే. బ్యాగు భుజాన వేసుకుని, "సారీ అండీ," అని గొణిగి, లేచి వెళ్లిపోయింది. రెండు గరిటెల గ్వాకమోలీ గిన్నెలో అలాగే ఉండిపోయింది.

మడతక్కకి ఆకలి చచ్చింది. ఆవిడ తింటుందని తను ఎక్కడో ఆశపడిందని అప్పుడు అర్థమైంది. నిజం తెలిసి కూడా ఒక్క ముద్ద తింటే చాలనుకుంది, ఒక్క ముద్ద. అయినా బరిటో వదల్లేదు. మెల్లిగా, చివరికొస దాకా, రుచి తెలియకపోయినా తింది. తనకోసం ఒకరు కష్టపడి చుట్టినది అది.

తర్వాత సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పరిచింది. పక్క బల్ల తుడుస్తున్న అన్నం పిల్లని పెన్ను అడిగింది. "ఆరోగ్య కారణాల వల్ల, నా స్వంత కోరిక మీద" అన్న మాటల్ని ఒక గీతతో కొట్టేసింది. కారణాల గీతల మీద, నెమ్మదిగా, అక్షరాలు విడివిడిగా రాసింది: "నా చేతుల మీద మచ్చలు ఉన్నాయి. అవి అంటుకోవు. తినేవాళ్లకి అవి కనపడకూడదని నన్ను వెనక్కి పంపారు. నేను కోరలేదు." సంతకం పెట్టింది. పేరు పూర్తిగా రాసింది, ఇంటిపేరుతో సహా.

మేనేజరు అప్పటికే వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. చదివాడు. "అక్కా, ఇలా రాస్తే నేను పైకెలా పంపను?"

"పంపకపోతే మీ దగ్గర ఉంచుకోండి. ఆరోగ్యం బాగాలేదని మాత్రం రాయను. నాకేం, నిక్షేపంలా ఉన్నాను."

"రేపు వస్తారా మరి?"

"రాకపోతే ఆ పది కిలోలు ఎవరు తరుగుతారు? మీరు రావద్దంటే అది కూడా ఇలాగే రాసివ్వండి."

అతను కాగితం అందుకోవడానికి చెయ్యి చాచాడు. కింద కుడిమూల, సంతకం పక్కన, సాల్సా అంటిన ఆమె బొటనవేలి ముద్ర ఎర్రగా పడి ఉంది. అతని చెయ్యి అక్కడిదాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, కాగితాన్ని పైన ఎడమమూల పట్టుకుని ఎత్తింది.

మరక అంటుతుందని అలా పట్టుకున్నాడేమో. మడతక్క అడగలేదు. లేచి, తన ట్రే, ఆవిడ వదిలేసిన గిన్నె రెండూ తీసి, అలవాటు కొద్దీ బల్ల కూడా తుడిచింది.